వేలం లేని రేవు

విశాఖ రేవులో సరుకు దిగి 30 రోజులైనా దాని తాలూకు మనిషి రాకపోతే 1962 నాటి కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ నిద్ర లేస్తుంది. దిగుమతిదారుకు నోటీసు, అధికారి అనుమతి, ఆపైన అమ్మకం. ఆలస్యానికి పడే డెమరేజ్ రుసుము భయానికి ఎంతటి మతిమరుపు మనిషికైనా సరుకు గుర్తొస్తుంది.

అదే ఊళ్లో రుషికొండ ఐటీ హిల్స్ మీద ఇంకో రకం కంటైనర్లున్నాయి. 2013లో డాకర్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ప్రోగ్రామునూ దాని సరంజామానూ కలిపి ఇమేజ్‌గా కట్టి, ఇమేజ్‌లు దాచే క్లౌడ్ రిజిస్ట్రీలోకి తోయడం అలవాటైంది. కోడ్‌లో కామా మార్చినా కొత్త ఇమేజే. ‘లేటెస్ట్’ అన్న ట్యాగ్ కొత్తదాని మీదికి దూకుతుంది; పాతది పేరూ ఊరూ లేక అక్కడే పడి ఉంటుంది. అడిగేవాడుండడు, అద్దె మాత్రం ఉంటుంది. అమెజాన్ రిజిస్ట్రీలో మామూలు ధర గిగాబైటుకు నెలకు 10 సెంట్లు. పది సెంట్లేగా అంటాం. ఆ ‘గా’ మీదే క్లౌడ్ వ్యాపారం నడుస్తోంది.

కొత్తగా చేరిన కుర్రాడెవడో శుభ్రం చేద్దామంటాడు. వెంటనే మీటింగు.

‘‘ఆ ఇమేజ్ ఎవరిది?’’

‘‘ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయినాయనది సార్.’’

‘‘మనం వాడుతున్నామా?’’

‘‘తెలీదు సార్.’’

‘‘అయితే ముట్టుకోకు.’’

మందు లేని జబ్బేం కాదిది. చివరి పది ఉంచి తక్కినవి తీసెయ్యమనో, ట్యాగ్ లేనివి 14 రోజులకు పోవాలనో లైఫ్‌సైకిల్ పాలసీ రాయొచ్చు. ఏవేవి పోతాయో ముందే ప్రివ్యూ చూడొచ్చు. చిక్కల్లా పాలసీ రాసినవాడి పేరు దగ్గరే. తీసేశాక ఏదైనా ఆగిపోతే అర్ధరాత్రి ఫోన్ అతనికొస్తుంది. ఉంచేస్తే బిల్లు కంపెనీకొస్తుంది. ఇక ఎవరు తీస్తారు?

ఇదే విశాఖ ఉక్కు కర్మాగారంలో తుక్కు కూడా కన్వర్టర్‌లో పడి మళ్లీ ఉక్కవుతుంది. క్లౌడ్ తుక్కు బిల్లుగా తప్ప మరో జన్మ ఎత్తదు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ప్రకటించింది. ఊరు ఉద్యోగాలు లెక్కేసుకుంటోంది. మన పాత ఇమేజ్‌లు ఇళ్ల స్థలాలు లెక్కేసుకుంటున్నాయి.

అయ్యా మేనేజర్లూ, ముందు నడుస్తున్న ఇమేజ్‌ల జాబితా రాయించండి. వాటిని కదపకుండా మిగతావాటికి గడువు పెట్టండి. తీసేసినవాణ్ని సంజాయిషీ అడిగినట్టే, ఉంచినవాణ్నీ అడగండి. రిజిస్ట్రీ దానంతటదే ఖాళీ అవుతుంది.