లైటు వెయ్యమంటే లెక్చరు

మాట చెబితే లైటు వేసే యంత్రాలకు ఏటేటా తెలివి మీరిపోతోందట, లైటు మాత్రం వెలగడం లేదు. ఇది గిట్టనివాళ్ల మాట కాదు. ఎవరూ పెద్దగా వాడటం లేదంటూ 2024 జనవరిలో గూగుల్ తన అసిస్టెంట్ నుంచి 17 సదుపాయాలు పీకేసింది. నమ్మకంగా పనిచెయ్యడం లేదన్న ఫిర్యాదులు వెల్లువెత్తితే 2025 జులైలో గూగుల్ హోమ్ పెద్దలే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. లైటు వినకపోయినా కంపెనీ విన్నది, అదీ ప్రగతే.

కొత్త ఏఐ వచ్చింది కదా అంటారు భక్తులు. వచ్చింది, వంటింటి లైటు ఆర్పమంటే సంభాషణకు దిగుతోంది. తప్పంతా మన యాసదేనని ఇంకో వాదన. దానికి ఒడిశాలోని రాయగడ సంతే జవాబు. అల్లం అమ్మే అవ్వ ఎదుటివాడి మొహం చూసి ఒడియా, తెలుగు, కువి భాషలు మార్చి మార్చి బేరమాడుతుంది. అప్‌డేట్ లేదు, సబ్‌స్క్రిప్షన్ లేదు, పావుకిలో అడిగితే పావుకిలోనే తూస్తుంది. 2017లో ఇండియాకొచ్చిన అలెక్సా ఇంగ్లిష్ కాక ఇక్కడ నేర్చింది హిందీ ఒక్కటే, అదీ 2019లో. అంటే రాయగడ పక్కనున్న కొరాపుట్‌లో తెలుగింటివాళ్లు తమ ఇంట్లో లైటు కోసం ఇంగ్లిష్‌లోనో హిందీలోనో బతిమాలుకోవాలి. అదే గట్టిగా వానపడి, 1955 నుంచి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు పుట్టిస్తున్న ఈ జిల్లాలోనే కరెంటు పోతే, ఎవరూ ఏ భాషలోనూ అడక్కుండానే లైట్లన్నీ ఆరిపోతాయి, ఒక్క గదీ పొరపాటు పడదు.