గదవ కింద పిడికిలి

పటాన్‌చెరులో కాపురం ఉంటూ ఇంట్లో ఒక వర్క్‌బెంచ్ లేకపోవడం మగవాడికి ఎంత నామోషీనో వేరే ఊళ్లవాళ్లకు చెప్పినా అర్థం కాదు. ఇటు రామచంద్రాపురంలో భెల్ వాళ్లు టర్బైన్లు చేస్తారు. అటు ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి ‘శరత్’ పోరాట వాహనాలు చేశారు. ఇక్రిశాట్ వాళ్లు 1972 నుంచి జొన్నలోనూ సజ్జలోనూ కందిలోనూ కొత్త కొత్త వంగడాలు తీస్తూనే ఉన్నారు. పారిశ్రామికవాడలో మందుబిళ్లల దగ్గర్నుంచి ఇనుప కడ్డీల దాకా ఎవరి చేతి నిండా వాళ్లకు పని. నేను చేసేది మాత్రం సంతకాలు.

అలాగని నన్ను మరీ తీసిపారేయకండి. ఒకప్పుడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివినవాణ్ణి. ఆకురాయితో ఇనుప ముక్కను రాసి రాసి, మూలమట్టం పెడితే వెలుతురు సందు కూడా కనబడకుండా చదును చేసిన చేతులివి. సూపర్‌వైజర్ అయ్యాక అరచేతుల్లో కాయలు పోయాయి, బదులుగా పొట్ట వచ్చింది. ఇంట్లో మిక్సీ మూలిగినా, కుళాయి కారినా మా ఆవిడ ఎలక్ట్రీషియన్ నంబరూ ప్లంబర్ నంబరూ వెతుకుతుంది తప్ప నా వైపు చూడను కూడా చూడదు. పొరపాటున చూసినప్పుడల్లా నేను చెప్పే మాట ఒకటుండేది: “చేద్దామంటే చోటేదీ? ఒక బెంచీ, దానికో వైసూ ఉంటే అప్పుడు చూపిస్తా నా తడాఖా.”

ఇలాంటి మాటలు అనడం తేలికే. అవతలివాళ్లు సరే అనరన్న ధీమాతోనే అంటాం. ఆవిడ సరే అంది.

ఇక తప్పదు. ఇస్నాపూర్ దారిలో తుక్కు షాపుల చుట్టూ తిరిగాను. ఫ్యాక్టరీలకు విదేశాల నుంచి యంత్రాలు వచ్చే పెట్టెలూ ప్యాలెట్లూ పైన్ చెక్కవి, వాటిని విప్పి అమ్ముతుంటారు. వాటి మీద ఒక ముద్ర చూడాలి. గోధుమ వెన్ను బొమ్మ, పక్కన దేశం గుర్తు, ‘హెచ్‌టీ’ అన్న అక్షరాలు. చెక్కలో దాక్కున్న పురుగు దేశం దాటి రాకుండా, నడిమి భాగం కూడా కనీసం 30 నిమిషాల పాటు 56 డిగ్రీల వేడిలో ఉండేలా వేడిచేశారని దాని అర్థం. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టారని. దాని జోలికి పోకూడదు. నేను హెచ్‌టీ చెక్కలే ఏరి ఆటోలో వేయించుకొచ్చి, ఇదంతా మా ఆవిడకు గేటు దగ్గరే వివరంగా చెప్పాను.

ఆవిడ శ్రద్ధగా వింది. “అంటే పురుగు ఉండదన్నట్టే గదా?”

“ఉండదు. అంతర్జాతీయ నిబంధన.”

“అయితే బియ్యం బస్తాల కిందికి మంచిగుంటయి” అని, ఉన్నవాటిలో నునుపైనవి రెండు ఏరుకుని లోపలికి తీసుకుపోయింది. బెంచీకి ఇంకా కాళ్లు కూడా మొలవకముందే ఒక భాగం వంటగది వాటా కింద పోయింది. అప్పుడైనా నాకు తెలిసిరావలసింది.

ఎత్తు విషయం చెప్తాను, అసలు గొడవంతా అక్కడే. బెంచీ ఎత్తు ఎవరిది వాళ్లకే సరిపోవాలి. మా ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్ నేర్పిన లెక్క ఒకటుంది. వైసు ముందు నిటారుగా నిలబడి, పిడికిలి గదవ కింద పెట్టుకోవాలి. అప్పుడు మోచెయ్యి వైసు దవడల పైఅంచుకు ఆనాలి. అదే నీ ఎత్తు. అంతకంటే ఎత్తైతే భుజాలు పడిపోతాయి, పొట్టిదైతే నడుము పోతుంది. వడ్రంగం బెంచీ అయితే ఇంకాస్త కిందికుండాలి, చిత్రిక పట్టేటప్పుడు ఒంటి బరువు చెక్క మీద పడాలి కాబట్టి.

ఒక ఆదివారం పొద్దున పార్కింగ్‌లో, ఇంకా లేని బెంచీ ముందు, గదవ కింద పిడికిలి పెట్టుకుని, కళ్లు మూసుకుని, మోచెయ్యి ఎక్కడికొస్తుందో చూసుకుంటూ నిలబడ్డాను. ముగ్గు గిన్నెతో బయటికొచ్చిన మా ఆవిడ కాసేపు చూసింది.

“పన్ను నొస్తుందా?”

కాదని చెప్పాను. లెక్క మొత్తం చెప్పాను. ఇన్‌స్ట్రక్టర్ గొప్పతనం కూడా చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి లవంగం తెచ్చి చేతిలో పెట్టింది.

సరే, నా మోచెయ్యి 42 అంగుళాల దగ్గర తేలింది. వైసు ఎత్తు 6 పోతే బల్ల 36 అంగుళాలు. ఫోన్‌లో వీడియోలు చూసి చూసి నాకు అప్పటికే ఫ్రాన్సు పిచ్చి పట్టింది. అక్కడ 18వ శతాబ్దంలో ఆండ్రే రూబో అనే వడ్రంగి తన పని మీద పెద్ద గ్రంథమే రాశాడు. అందులో బొమ్మ వేసిన బల్లని చూసి ఇప్పటికీ దేశదేశాలవాళ్లు అలాంటివే చేసుకుంటున్నారు. దాని కాళ్లు పైచెక్క అంచుతో సమంగా ఉంటాయి, పొడుగు పలకను నిలువుగా ఆనించి బిగించడానికి. నాకూ అలాగే ఉండాలన్నాను. పొడుగు పలకతో నాకేం పనో నన్నెవరూ అడగలేదు, అదృష్టం.

వెల్డర్‌ని పిలిపించాను. 40 ఎంఎం స్క్వేర్ ట్యూబుతో ఫ్రేము. ముందు నాలుగు మూలలా టాకాలు కొట్టి, క్రాస్ కొలతలు రెండూ సమానమో కాదో చూసి, ఆ తర్వాతే నిండుగా వెల్డింగ్ చేయాలి. లేకపోతే ఇనుము చల్లారుతూ ముడుచుకుని ఫ్రేమును ఒక పక్కకు లాగేస్తుంది. ఇదంతా అతనికి అరగంట సేపు బోధించాను. చేతులు వెనక్కి కట్టుకుని, షాప్‌ఫ్లోర్‌లో నిలబడ్డట్టే నిలబడి. పాపం అతను ఏ మాటకూ అడ్డు చెప్పలేదు. చివరికి, “సార్, జర పక్కకు జరుగుండ్రి, మీ నీడ పడుతుంది” అన్నాడు.

నిలబెడితే బల్ల వాలింది. ఫ్రేములో తప్పేం లేదు, వాటం నేలది. కడిగిన నీళ్లు గేటు వైపు పోవాలని పార్కింగ్ నేలకు వాటం పెడతారు కదా. ప్రతి కాలు అడుగునా ఒక నట్టు వెల్డింగ్ చేయించి, దానిలోంచి బోల్టు దించి, ఎక్కించీ దించీ రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా తంటాలు పడ్డాను. మూడో క్లాసు మావాడు అంతకుముందు దాని మీద గోలీలు దొర్లిస్తూ తెగ ఆడుకున్నాడు. బుడగ నడిమికి రాగానే వాడి ముఖం వాడిపోయింది. “ముందుగాలనే మంచిగుండె డాడీ” అన్నాడు. మా ఇంట్లో నా పనితనానికి వచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది.

బల్ల పూర్తయ్యాక పార్కింగ్‌లో కారుకు చోటు చాల్లేదు. కారు వీధిలో ఎండకు ఉంది, బల్ల నీడకు ఉంది. దీని గురించి మా అత్తగారు ఒక్క మాటా అనలేదు. వచ్చినప్పుడల్లా ముందు కారును, తర్వాత బల్లను, తర్వాత నన్ను చూస్తుంది, అంతే.

దర్వాజా బిగుసుకుపోతే వడ్లాయనను పిలిచాం. నాకు పండగే. తలుపు ఊడదీసి బల్ల మీద పెట్టుకొమ్మన్నాను, రూబో కథ కూడా కొంత చెప్పాను. పెద్దమనిషి బల్లని తట్టి చూశాడు. “మంచిగ చేసిండ్రు సార్, గట్టిగుంది” అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. ఆ తర్వాత తలుపును నేల మీద పరిచి, దాని పక్కనే చతికిలబడి, అంచును కాలి బొటనవేలితో ఒడిసిపట్టి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. మనవైపు తాతల నాటి నుంచి వడ్లవాళ్లు అలాగే చేస్తున్నారు. రెండు పాదాలే వైసు, నేలే బల్ల. ఆ చెక్క ఒక్క వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. మధ్యలో మా ఆవిడ ఇచ్చిన చాయ్ కప్పు పెట్టుకోవడానికి మాత్రం ఆయన నా బల్ల వాడుకున్నాడు.

ఫ్యాక్టరీలో నేను ఫైవ్ ఎస్ పాఠాలు చెప్తాను. పనికిరానివి తీసెయ్, ఉన్నవాటిని సర్దు, శుభ్రం చెయ్, పద్ధతి పెట్టు, పద్ధతి తప్పకు అని జపాన్‌వాళ్లు పెట్టిన అయిదు సూత్రాలు. దాని ప్రకారం బల్ల వెనక గోడకు పలక బిగించి, ఒక్కో పనిముట్టు ఆకారం చుట్టూ గీత గీసి, దేని చోటు దానికి కేటాయించాను. ఏది లేకపోయినా ఖాళీ గీత పట్టిస్తుంది. ఎనిమిదో క్లాసు మా అమ్మాయికి ఇది భలే నచ్చింది. నచ్చకపోయినా బాగుండేది. వారం తిరిగేసరికి నా సుత్తి పక్కన అట్లకాడ గీత, రంపం కింద జల్లిగంటె గీత వెలిశాయి. “మమ్మీవి కూడా పనిముట్లే గదా డాడీ” అంటే ఏం చెప్తాం? పాఠంలో అలాగే ఉంది.

అంతటితో ఆగలేదు. ఏడాదిగా ముట్టుకోని వస్తువుకు ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టాలన్నది కూడా నేను నేర్పిందే. ఒక సాయంత్రం వచ్చి చూస్తే నా డ్రిల్లు స్టాండుకూ, రూబో మీది మోజుతో కొన్న చెక్క క్లాంపులకూ, నేను ఎత్తుదామనుకుని ఎత్తని డంబెల్స్‌కూ ఎర్ర చీటీలు. ఫ్యాక్టరీలో అయితే చీటీ కట్టినవాటిని కొన్నాళ్లు ఉంచి, అందరినీ అడిగి, అప్పుడు నిర్ణయిస్తాం. మా ఇంట్లో మర్నాడు పొద్దున్నే ‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని మైకు పెట్టుకుని ఆటో వచ్చింది. డంబెల్స్‌కు మంచి రేటు పలికిందట.

ఇక బల్ల సంగతి. ఇస్త్రీ దాని మీదే. సంకురాత్రి పిండివంటలు ఆరబోసింది దాని మీదే. వైసు దవడల మధ్య మావాడు బాదంకాయలు పగలగొడుతుంటాడు. ఒకరోజు అదే దవడల మధ్య తెల్ల గుడ్డ మూట ఒకటి, కింద గిన్నె కనబడ్డాయి. పన్నీరట. “రాయి పెడితే ఇంత గట్టిగ రాదు” అంది ఆవిడ, మొదటిసారి వైసును మెచ్చుకుంటూ. ఆ దవడల మీద నేను పోసిన నూనె ఆ కూరలో తగల్లేదంటే మాత్రం నమ్మను.

ఎండాకాలం ఆవకాయ రోజులొచ్చాయి. మామిడికాయలు కొట్టే కత్తిని పలకతో సహా నా బల్లకు బోల్టులతో బిగించమంది. బిగించాను, నా చేత్తోనే. వీధిలో ఆడవాళ్లంతా తలా సంచీ పట్టుకుని వచ్చారు. టెంక మీద కత్తి పడ్డప్పుడల్లా ఠప్పుమని ఒకటే దెబ్బ, బల్ల ఇసుమంతైనా కదల్లేదు. “అన్న బల్ల మంచిగ చేసిండు వదినా” అని పక్కింటావిడ అంటే నేను పేపరు చాటున పొంగిపోయాను. మా ఆవిడ ఒప్పుకుంది కూడా. “బల్ల మంచిదే గని, ఎత్తే ఎక్కువైంది. భుజాలు గుంజుతున్నయి” అంది. పీట వేసుకుని నిలబడి కొడుతోంది మరి.

“నా మోచేతి కొలత అది, మార్చకూడదు” అన్నాను, సూపర్‌వైజర్ గొంతుతో. ఆవిడేం అనలేదు. మీకూ పెళ్లై ఉంటుంది, ఏమీ అనకపోవడమంటే ఏమిటో తెలిసే ఉంటుంది.

తర్వాతి వారం నాకు బీ షిఫ్టు. రాత్రి ఇంటికొచ్చి, అలవాటుగా టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టబోతే డబ్బా అందుకోవలసిన చోట గాలి తగిలింది. లైటు వేసి చూశాను. కాళ్ల అడుగున కొత్త వెల్డింగ్, నట్లు మళ్లీ అతికించి ఉన్నాయి, రసమట్టం పెడితే బుడగ నడిమికే ఉంది. 4 అంగుళాల ముక్కలు నాలుగూ గోడ వారన వరసగా పేర్చి ఉన్నాయి, సర్దుడు సూత్రం ప్రకారం.

మర్నాడు వెల్డర్ కనబడితే నిలదీశాను. “నేనేం జేస్త సార్? మేడమే నిలబడి, గదవ కింద పిడికిలి పెట్టుకొని కొలతిచ్చిండ్రు. వైసు అంచు 38కి రావాలన్నరు. ముందు టాకాలు కొట్టి క్రాస్ చూడుమని కూడా చెప్పిండ్రు.” ఒక్క క్షణం ఆగి, “మీ నీడ గూడ లేకుండె సార్, జల్దీ అయిపోయింది” అన్నాడు.

ఇప్పుడు ఆ బల్ల దగ్గర నేను పావుగంట పనిచేస్తే నడుము పట్టేస్తుంది. ఆ సంగతి చెప్పుకుంటే, “వడ్లాయన లెక్క కింద కూసొని చేసుకోండ్రి” అంది. ప్రయత్నించాను. కూర్చోవడం వచ్చింది గానీ, బొటనవేలు మాట వినలేదు, లేవడానికి మావాడు చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

మొన్న పనిముట్ల పలక మీద మా అమ్మాయి దస్తూరీలో కొత్త చార్టు అంటించి ఉంది. ఆవకాయకు వచ్చినవాళ్లలో ముగ్గురికి ఇలాంటి బల్లే కావాలట. పక్కింటి వదిన మోచెయ్యి 36½, ఎదురింటి ఆంటీ 39, మూలింటి అమ్మమ్మ 35. ఎవరికి వైసు కావాలో, ఎవరికి వద్దో కూడా రాసి ఉంది. కింద, మెటీరియల్: డాడీ. మోత: డాడీ. తనిఖీ, సంతకం: మమ్మీ.

ఆదివారం ఇస్నాపూర్ వెళ్లాలి. హెచ్‌టీ ముద్ర చూసి తెమ్మని ఆవిడ ఇప్పటికే గుర్తుచేసింది.