మూడంతస్తుల బోను

మన దేశములో మేడ కట్టినవానికే మర్యాద. ఇది నా మాట కాదు. మన భాష ఎన్నడో చేసిపెట్టిన తీర్మానము. ఇంటిమీద ఇల్లు లేచినను అంతస్తే, సంఘములో మనిషి పైకి లేచినను అంతస్తే. రెండు వ్యామోహములను ఒక్క మాటతో కట్టివేసిన ఈ పొదుపరితనమునకు నేనింతకాలము ముచ్చటపడుచు వచ్చితిని. కాని మొన్నటి వేసవిలో తాండూరునందలి మా బావమరిది ఇంట రెండు గినీ పందులు మూడంతస్తుల మేడలో కాపురముండగా చూచినది మొదలు, ఆ మాటను ఎవరైన వ్యాకర్తలు పూనుకొని రెండుగా చీల్చిన బాగుండునని తోచుచున్నది.

గినీ పంది పంది కాదు. గినీ దేశముతో దానికి చుట్టరికమును లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు దాని పుట్టినిల్లు. అక్కడి జనులు వేల యేండ్ల క్రిందటనే, ముద్దాడుటకు గాక తినుటకు, దానిని మచ్చిక చేసికొనిరి. తోక లేని మొండి శరీరము, ముందుకాళ్ళకు నాలుగేసి వెనుకకాళ్ళకు మూడేసి వ్రేళ్ళు, కిలోకు అటునిటుగా తూకము, బ్రతికినన్నాళ్ళును పెరుగుచునే యుండు పండ్లు, నీడ కదలినను గుండె జారెడి పిరికితనము, ఇంతే ఆ జీవి. అది పిల్లివలె గోడ లెక్కలేదు, ఉడుతవలె కొమ్మలు పట్టలేదు. నేలమీద పరుగెత్తుటకును, సందు కనబడిన దూరి దాగుటకును మాత్రమే బ్రహ్మ దానిని చేసినాడు. హైదరాబాదు దుకాణములలో కొని, అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, రైలులో ఒడిలో పెట్టుకొని తెచ్చెడి మనవారు దాని జాతి, వర్ణము, వెండ్రుకల సుడులు అన్నియు తెలిసికొని వత్తురు. అది నేలజీవి యన్న సంగతి యొక్కటి దుకాణములోనే మఱచి వత్తురు. ఇంటిలో 'పంది' యన్న మాట వినబడుట మర్యాద కాదు గనుక దానిని 'గినీ' యని సగము పేరుతో పిలుతురు. మా అత్తమ్మ మాత్రము మొదటినుండియు దానిని ఎల్క యనియే అనుచున్నది.

ఈ బోనుల వ్యాధిని నేను మొదట చూచినది తాండూరులో కాదు, వికారాబాదులో. అక్కడ స్టేషనుకు చేరువలో నా మిత్రుడొకరు నివసించుచున్నారు. ఆయన దాబా యెక్కిన అనంతగిరి గుట్టలు కనబడును. మూసీ పుట్టినది ఆ గుట్టలలోనే. ఆ గాలి ఊపిరితిత్తులకు మేలని క్షయరోగుల ఆసుపత్రి వెలసినదియు ఆ గుట్టమీదనే. ఆ గాలికొఱకే నేడు శని ఆదివారములలో భాగ్యనగరపు కార్లు బారులు తీరి వచ్చుచున్నవి, ఆ గాలిని గజముల లెక్కన అమ్ముటకే దారిపొడవున ఫామ్ ప్లాట్ల బోర్డులు మొలచుచున్నవి. అట్టి గాలి పైసా లేక వీచుచున్న ఊరిలో నా మిత్రుడు తన గినీ పందిని కిటికీలు మూసిన హాలులో, టీవీ ప్రక్కన, రంగురంగుల దీపముల సరము చుట్టిన బోనులో ప్రతిష్ఠించెను. లోపల ఒక్కటే జంతువు. ఒంటరిగా నున్నదేమని అడిగితిని. ఆయన బోనులో బిగించిన అద్దమును వ్రేలితో చూపెను.

"తోడు లేకేంది సార్! అద్దం పెట్టిన గదా. దాన్ని చూస్కుంట కాలం గడుపుతది."

అద్దములోని నీడతో సంసారము సాగునన్న ఈ సిద్ధాంతమును నా మిత్రుడు స్వగృహమున ప్రయోగించి చూచినట్లు లేదు. ఆయన ఇల్లాలు ఆ ప్రక్కగదిలోనే యుండుటచేత నేనా సంగతి కదపలేదు. గినీ పంది గుంపులో బ్రతుకు జీవి. స్విట్జర్లాండు దేశమువారు 2008లో చేసిన నిబంధనలలో దానిని ఒంటిగా పెంచరాదని శాసించిరి. ఆ దేశమున జంటలో ఒకటి చచ్చినచో మిగిలినదానికి తోడు వెదకిపెట్టెడి పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడ బయలుదేరిరట. మనయొద్ద పేరయ్య పని అద్దము చేయుచున్నది.

అనంతగిరి కనుచూపు మేరలోనున్న ఇంటిలో ఈ జంతువునకు ఇట్టి మర్యాద జరుగుట చూచి నాకు వేఱొక సంగతి జ్ఞప్తికి వచ్చినది. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని పట్టి, అదియే కారణమని లోకమునకు రుజువు చేయుటకు ఆ జీవిని ఎక్కించినది గినీ పందుల దేహములలోనికే. అటుపిమ్మట దశాబ్దముల తరబడి, రోగి కళ్ళెలో క్షయ కలదో లేదో తేల్చుటకు వైద్యులు దానిని గినీ పందికి పొడిచి, దానికి రోగము బయటపడువఱకు కాచుకొని కూర్చుండిరి. గుట్టమీద మంచములపై దగ్గుచు పరుండిన మన తాత ముత్తాతల రోగమునకు పేరు పెట్టుటకై ప్రాణములిచ్చిన వంశము. ఆ ఋణము వికారాబాదులో దీపముల సరముతోను అద్దముతోను తీరుచున్నది.

మఱునాడు తాండూరు చేరితిని. మా బావమరిదికి అక్కడ బండల పాలిష్ యూనిట్ కలదు. తాండూరు బండ ఎఱుగని తెలుగువాడుండడు. నీలముగనో పసుపుగనో చల్లగా మన యిండ్లలో పరచుకొని, మూడు తరముల పాదములకు నునుపుదేరిన నాపరాయి అది. అతని దొడ్డిలో ఆ బండలు మనిషెత్తున పేర్చి యున్నవి. పొద్దున లేచినది మొదలు అతనికి నోట చదరపుటడుగు తప్ప వేఱు మాట రాదు. అట్టి మనిషి నన్ను కాళ్ళు కడుగుకొననీయక పడమటి వరండాలోనికి లాగుకొనిపోయి, "జర చూడు బావ, ఎట్ల గట్టిన!" అనెను.

చూచితిని. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మనిషి రొమ్మువఱకు ఎత్తు. ఇనుప జాలీ పలకలను ప్లాస్టిక్ ట్యాగులతో బిగించి మూడంతస్తులు లేపినాడు. ఒక అంతస్తునుండి వేఱొకదానికి నిట్టనిలువుగా వాలుపలక. క్రింద ప్లాస్టిక్ మామిడాకుల తోరణము, 'స్వాగతం' అన్న ఫలకము. నడుమ అంతస్తులో గిరగిర తిరుగు చక్రము. పై అంతస్తులో నాలుగు కొక్కెములకు వ్రేలాడు ఉయ్యాల. ఒక మూల బొమ్మల మంచము, దానిపై బొమ్మ దిండు, దిండుమీద కుట్టుపనితో జంతువు పేరు. గృహప్రవేశము నాడు పాలు పొంగించిరట. ఫోనులో ఆ ఫొటో నాకు చూపిరి. అందులో గృహయజమానులైన గినీలు రెండును మంచము క్రింద దాగి యుండుటచే కనబడలేదు.

అంతస్తుల అడుగున పరచినది సన్‌ప్యాక్ షీటు. అమెరికావారు ఇంటిలో కట్టుకొను బోనులకు ఇట్టి గొట్టపు ప్లాస్టిక్ పలకనే వాడుదురు. మనయొద్ద అది ఎన్నికలు ముగిసిన మఱునాడు ఊరకే దొరకును. మొదటి అంతస్తులో గెలిచిన అభ్యర్థి రెండు చేతులు జోడించి నవ్వుచున్నాడు. రెండవ అంతస్తులో ఓడినవాడు. ఒక్కొక్క గినీ రోజునకు నూరు గుళికలవఱకు రాల్చును. ఊరిలో ఎట్లున్నను బోనులో మాత్రము ఇరువురకు సమానముగానే ముట్టుచున్నవి. ఈ ఇంటిపనిలో నేను మనసారా మెచ్చినది ఈ ఒక్కటే.

ఎన్ని అడుగులు వచ్చినదని అడిగితిని. అతడు ఆ ప్రశ్నకొఱకే కాచుకొనియుండెను.

"తొమ్మిది అడుగులు బావ! కింద మూడు, నడుమ మూడు, పైన మూడు. ఏడున్నర ఉంటె చాలని రాసిన్రు."

నిజమే. అమెరికాలోని జంతుసంక్షేమ సంఘములవారు రెండు గినీలకు కనీసము 7.5 చదరపుటడుగుల చోటుండవలెననియు, పదిన్నరయైన మేలనియు చెప్పుదురు. కాని వారు చెప్పినది ఒక్క తలముననున్న నేల గుఱించి. నేను బావమరిది శాస్త్రముతోనే బావమరిదిని పట్టితిని. రెండడుగుల చదరపు బండ కావలెనని వచ్చిన గిరాకికి ఒక్కడుగు ముక్కలు నాలుగిచ్చి లెక్క సరిపోయినదని పంపుదువా యంటిని. అతడు వృత్తిధర్మము గలవాడు; తడుముకొనకుండ చెప్పెను.

"అట్లెట్లయితది బావ? ముక్కలు ముక్కలే, బండ బండే."

చెప్పిన తరువాత బోనువైపు ఒకసారి, దొడ్డిలోని బండలవైపు ఒకసారి చూచి, గొంతు తగ్గించి, "అయినా గిది ఎల్కల ముచ్చట గద" అనెను. ఆ దొడ్డిలోనుండి రెండడుగుల బండలు రెండు తెచ్చి ప్రక్కప్రక్కన పరచిన ఎనిమిది అడుగులు. మూడు పరచిన పండ్రెండు. చుట్టు అడుగున్నర ఎత్తున జాలీ నిలిపి, పైన పాత దుప్పటి పరచి, ఒక మూల వట్టి బండను చల్లదనమునకు వదలి, దాగుటకు అట్టపెట్టె యొకటి బోర్లించిన మహాప్రాసాదము ముగిసినది. కాని అందులో అంతస్తు లేదు. వచ్చిన చుట్టము మెడ ఎత్తి చూచుటకేమియు లేదు, వంగి చూడవలెను. వంగి చూచుదానిని మనము వైభవమని ఒప్పుకొనము.

చక్రము సంగతి విన్నవించెద. అది తోక కలిగి, వెన్ను వంగు చిట్టెలుకలకొఱకు పుట్టినది. గినీ దానిలో పరుగెత్తిన వెన్నెముకకే చేటు. ఉయ్యాలనుండి పడిన ఆ సన్నని కాళ్ళు విఱుగును. జాలీ నేలమీద నిలిచిన పాదములు పుండ్లు పడును. జంతువు కదలుటకు చాలినంత పొడవు వెడల్పు ఎత్తులు లేని బోనులో దానిని ఉంచుట హింసయేనని మన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. ప్రయోగశాలలోని గినీకైనను తూకమునుబట్టి ఇంత నేల యని లెక్క కలదు. సూది పొడుచువానికి కొలబద్ద ఉన్నది. ముద్దు చేయువానికి లేదు.

ఇక మేత. బోను ప్రక్కన అందమైన సంచిలో తిమోతి గడ్డి యుండెను. ఓడ యెక్కి వచ్చిన గడ్డి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందులు పండు సీమలో, కిలో కందిపప్పుకన్న కిలో ఎండుగడ్డి ప్రియమైన ఇల్లు అది యొక్కటియే కాకుండుగాక యని మ్రొక్కుకొంటిని. మందు చల్లని చోటనుండి కోసి తెచ్చిన గరిక ఈ జంతువునకు అమృతప్రాయము. చవితినాడు విఘ్నేశ్వరుడు కాదనని గరికను మూషికవంశపు దూరపు బంధువు కాదనునా? మనిషివలెనే గినీకి కూడ విటమిన్ సి ఒంట పుట్టదు. అందుకని నీళ్ళసీసాలో రంగు చుక్కలు వేయుచున్నారు. కూరగాయలవాడు కొసరుగా వేసిన కొత్తిమీర కట్ట అదే ఇంటిలో, మూడడుగుల దూరములో, వడలిపోవుచున్నది.

ఆ మధ్యాహ్నము కరెంటు పోయినది. ఏప్రిలు మాసపు తాండూరు ఎండ ఎట్టిదో చెప్పనక్కఱలేదు. ఇరువదియేడు డిగ్రీలు దాటిననే తల్లడిల్లు జంతువు నలువది దాటిన వరండాలో నున్నది. వేడిగాలి పైకి లేచునని చిన్నపిల్లలకు బడిలో చెప్పుదురు గదా. ఉయ్యాల కట్టినది ఆ పై అంతస్తులోనే. బావమరిది ఇన్వర్టరువానికి ఫోనుమీద ఫోను చేయుచుండెను. అప్పుడు మా అత్తమ్మ లోపలినుండి వచ్చి, బోను ముందర నిలిచి, నాతో అనెను:

"నువ్వన్న చెప్పు అల్లుడా. గా ఎల్కలు మేడ అడిగినయా, నీడ అడిగినయా?"

నా జవాబు కొఱకు ఆమె ఆగలేదు. ట్యాగులు కొడవలితో కోసి, రెండింటిని కొంగులో వేసికొని వంటింటిలోనికి పోయి, రంజను ప్రక్కన నీరు చెమర్చిన బండమీద వదలెను. అవి పొట్ట నేలకానించి, వెనుకకాళ్ళు చాచి, కదలక పరుండినవి. ఆండీస్ పల్లెలలో తరతరములుగా ఈ జంతువును వంటింటి నేలమీదనే, పొయ్యి చుట్టు, కూరగాయల తొక్కులు తినుచు తిరుగుటకు వదలుదురు. చివరకు వండుకొని తినుటయు నిజమే. అందులకు పెరూలోని కుస్కో నగరపు ప్రధాన దేవాలయములోనున్న మార్కోస్ సపాటా చిత్రమే సాక్షి, క్రీస్తు కడపటి విందులో పళ్ళెము నడుమనున్నది ఇదేనందురు. కాని తినువఱకు నేల ఇచ్చిరి. మా అత్తమ్మ పెరూ పేరు వినలేదు, కోళ్ళనెఱుగును.

సాయంకాలము చల్లబడిన తరువాత ఆ రెండును వంటింటి ఈ గోడనుండి ఆ గోడకు ఒకదాని వెనుక నొకటి పరుగెత్తినవి. నడుమ నడుమ మంగలములో జొన్నపేలాలవలె నాలుగు కాళ్ళమీద ఒక్కసారిగా పైకెగిరి పడినవి. సంతోషము పట్టలేనప్పుడు అవి అట్లు చేయును. కొనితెచ్చిన ఐదు నెలలలో అవి ఎగురుట బావమరిది అదే మొదటిసారి చూచెను. ఫొటో తీయుటకు అతని ఫోనులో ఛార్జింగు లేకపోయెను.

మేడ ఇప్పుడు వంటింటి మూలకు చేరినది. మొదటి అంతస్తులో ఉల్లిగడ్డలు, రెండవదానిలో ఎల్లిగడ్డలు, ఉయ్యాలలో ఎండుమిరపకాయలు ఉన్నవి. నలుదిక్కుల గాలి ఆడుటచేత ఈ ఏడు ఒక్క గడ్డయు కుళ్ళలేదని మా అత్తమ్మ కబురంపినది.