ట్రాలీ కొని చూడు

మోటార్‌హోమ్ కొందామని మీకు బుద్ధి పుట్టిందంటే, యూట్యూబులో ఎవరో విదేశీ దంపతులు వ్యాను వెనక తలుపు తెరుచుకుని, కాఫీ తాగుతూ సరస్సును చూస్తుండటం మీరు చూసి ఉంటారు. వీడియో ఆపి మళ్లీ చూడండి. ఆ చుట్టుపక్కల చుట్టం ఒక్కడైనా ఉన్నాడా? ఉండడు. అక్కడే మనకూ వాళ్లకూ తేడా వస్తుంది.

బండిలో కాపురం మనకు కొత్తేమీ కాదు. 1982లో ఎన్టీ రామారావు పాత షెవర్లే వ్యానుకు చైతన్యరథమని పేరు పెట్టి, కొడుకు హరికృష్ణను స్టీరింగు ముందు కూర్చోబెట్టి రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా చాలావరకు రోడ్డు మీదే. 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. మీకు అంత ఫలితం వస్తుందని ఆశపెట్టలేను. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ టూరిజమని ఒక పథకం తెచ్చింది గానీ, మనవైపు క్యారవాన్ అంటే షాటుకూ షాటుకూ మధ్య హీరో ఎక్కి తలుపేసుకునే ఏసీ బస్సే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య సామాన్యుడి మోటార్‌హోమ్ వేరే ఉంది. మీ మేనమామ ఇంటి ముందు చింతచెట్టు కింద ఇంజన్ విప్పేసి నిలబెట్టిన ట్రాక్టర్ ట్రాలీ అది. సాగర్ ఎడమకాలువ నీళ్లతో పండిన వడ్లను మిర్యాలగూడ మిల్లులకు మోస్తుంది, యూరియా మోస్తుంది, పెంట మోస్తుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో ఐదు రోజులపాటు ఇల్లవుతుంది. ఆ ఐదు రోజులు సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో లింగమంతుల స్వామి పెద్దగట్టు జాతర. సమ్మక్క జాతర తర్వాత తెలంగాణలో అంత పెద్దది ఇదేనంటారు. 2025 ఫిబ్రవరిలో అయింది, లెక్కప్రకారం మళ్లీ 2027లో. కాబట్టి సిద్ధపడటానికి టైముంది.

కొత్త ట్రాలీ మాత్రం కొనకండి. కొత్తదైతే అడగడానికి చుట్టాలు మొహమాటపడతారు, జాతర దాకా మీరు ఒంటరిగా మిగిలిపోతారు. పాతది కొనండి. పాత ట్రాలీ మీద ఊరందరికీ హక్కుంటుంది. బిల్లు మీ పేర, బండి అందరి పేర.

ఇక ట్రాలీ నేల. పాత ట్రాలీ కొన్నవాడి బతుకు సగం నేల దగ్గరే గడుస్తుంది కనుక ఇక్కడ కొంచెం తీరిగ్గా మాట్లాడుకుందాం. రేకును తినేది వాన ఒక్కటే అనుకుంటాం. వానకంటే యూరియా ఘనమైనది. చిరిగిన సంచిలోంచి రాలిన గుళికలు మూలల్లో చేరి, గాలిలోని తేమను పీల్చుకుని, రేకు మీద ఎప్పుడూ చెమ్మను నిలబెడతాయి. పైన పచ్చి వడ్లు, ఆపైన పెంట. కింది నుంచి చూస్తే రేకుకూ అడ్డ చానళ్లకూ మధ్య ఇరుక్కున్న మట్టి ఏడాదంతా ఆరదు. అందుకే నేల ఎప్పుడూ చానళ్ల వెంబడే పోతుంది. అయినా మీరు నడిమధ్య నిలబడి కాలితో తన్ని చూసి, 'గట్టిగనే ఉంది' అనండి. అమ్మేవాడు కోరుకునేదీ అదే. సుత్తి తెచ్చి అంచుల వెంట కొట్టి చూస్తే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది మొద్దుగా మూలుగుతుంది. ఆ మూలుగు వింటే బేరం చెడిపోతుంది కాబట్టి సుత్తి ఇంట్లోనే ఉంచండి.

కొన్నాక వెల్డింగు షాపుకు వెళ్తారు. అక్కడ జరిగే సంభాషణ ఇట్లా ఉంటుంది:

"అన్నా, పద్నాలుగు గేజి ఎయ్యనా, పద్దెనిమిది ఎయ్యనా?"

"మంచిది ఎయ్యి తమ్మీ, పద్దెనిమిదే ఎయ్యి."

గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పలచబడుతుందని అతను చెప్పడు, మీరు అడగరు. పెద్ద నంబరు వేయించామని ఊళ్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. రెండు కోతలకు ఆ రేకు అప్పడంలా విరుగుతుంది. అతుకు వేసేముందు తుప్పుపట్టిన భాగాన్ని మంచి ఇనుము తగిలేదాకా కోసెయ్యాలి, లేకపోతే టాకా నిలవదు. అంతా కోస్తే చిల్లు పెద్దదవుతుంది, చూడటానికి బాధగా ఉంటుంది, కనుక తుప్పు మీదే అతికించెయ్యమనండి. రెడ్ ఆక్సైడ్ పైన మాత్రమే పూయించండి. కింద ఎవరు చూస్తారు? మిగిలిన డబ్బులతో వెనక డోరు మీద ఓ నెమలి, పిల్లల పేర్లు రాయించుకోవచ్చు. ఎక్కడో ఒక చిల్లు మూయకుండా మిగిలిపోతుంది. ఉండనివ్వండి. జాతరలో కూర కడిగిన నీళ్లు పోవడానికి దారి కావాలి.

సామాను సర్దడం తేలిక. మోకాలి లోతు వరిగడ్డి, దాని మీద తాటిపత్రి, దాని మీద జంపఖానా. పైన వెదురుబద్దలు వంచి ఇంకో తాటిపత్రి కప్పితే కప్పు. బియ్యం, కారం, బగోనాలు, బిందెలు, గంపలు, గొర్రె. గొర్రెను ఎక్కడ కట్టినా సరే, సూర్యాపేట దాటేలోగా అది చిన్నమ్మ కొత్త చీర దగ్గరికే చేరుతుంది. గడ్డి మీద గ్యాస్ పొయ్యి వెలిగించి చాయ పెడతానని బయల్దేరే బావమరిదిని మాత్రం కిందికి దింపండి. ఇందులో వెటకారం లేదు. ఇంకో మాటలోనూ లేదు: ట్రాలీ సరుకుల బండి, అందులో కూర్చున్న మనుషులకు ఇన్సూరెన్సు వర్తించదు. వంపుల దగ్గర బోల్తాపడిన ట్రాలీల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ముసలివాళ్లనూ పిల్లలనూ బస్సెక్కించి పంపితే ట్రాలీలో గొర్రెకూ కాళ్లు చాపుకునే జాగా దొరుకుతుంది.

ప్రయాణం గురించి. జాతర రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్గొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడలో తేలుస్తారు. అరవై లక్షలు పోసి కొన్న అసలు మోటార్‌హోమ్‌లో మీరు బయల్దేరి ఉంటే ఐదు రోజుల జాతరను తప్పించుకుని మిర్యాలగూడ మిల్లుల దుమ్ము చూసుకుంటూ పోయేవారు. జాతర బండి గనుక ట్రాలీ నేరుగా గట్టు కిందికి చేరుతుంది. ఈ ఒక్క లాభం చెప్పుకోవచ్చు.

ఎక్కడ ఆపాలి? నీళ్ల ట్యాంకరు దగ్గర ఆపితే రాత్రికల్లా చక్రాలు బురదలో ఉంటాయి. దూరంగా ఆపితే బిందెలు మోయడం మీ వంతు. నీడ కోసం వెతకొద్దు, అక్కడ అప్పటికే నిన్న రాత్రి వచ్చినవాళ్లు దుప్పట్లు పరిచేశారు. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుంది, గజ్జెల లాగులు తొడుక్కున్న యాదవుల భేరీలు మోగుతాయి, 'ఓ లింగా' అని గట్టంతా హోరెత్తుతుంది. ఆ హోరులో నిద్రపోవడమెట్లా అని అడిగేవాళ్లు సరస్సు వీడియో చూసుకోవాలి.

లింగమంతుల స్వామికి నైవేద్యం, చౌడమ్మకు యాట. తర్వాత మూడు రాళ్ల పొయ్యి. ఇక్కడి నుంచి మీ ట్రాలీ మీది కాదు. పక్క ట్రాలీ వాళ్లు ముందు ఉప్పు అడుగుతారు, ఇవ్వండి. తర్వాత పసుపు, తర్వాత అల్లం. చివరికి బగోనా అడుగుతారు. బగోనా ఇస్తే అది రెండేళ్ల తర్వాత ఇదే చోట దొరుకుతుంది, అడుగు మాడి. కార్జం ముక్కలు ముందుగా వేయించి పిల్లలకని పక్కన పెడతారు. పిల్లల్లో మీ మామ ఉంటాడు, ఆయనకు అరవై రెండేళ్లు. తలకాయా కాళ్లూ ఎవరికి అన్నదాని మీద గొడవ వస్తుంది. మీరు అందులో తలదూర్చకుండా ఇంజన్ ఆయిలు చూసుకుంటున్నట్టు నటించండి.

కూర ఉడుకుతుండగా:

"వదినా, ఉప్పు సూడరాదే."

"సప్పగుంది, ఇంకింత ఎయ్యి."

వదిన వేస్తుంది. చిన్నమ్మ చూసి ఇంకింత వేస్తుంది. కోదాడ అత్త వచ్చి, తన మాటకు విలువ లేకుండా పోతుందని తానూ వేస్తుంది. దీనికి విరుగుడు లేదు. రుచి చూసేది ఒక్కరే అని ముందే తేల్చుకోవచ్చు, కానీ ఆ ఒక్కరెవరో తేల్చేసరికి జాతర అయిపోతుంది. సరిగ్గా కూర దించే వేళకు హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చేవాళ్లుంటారు. వాళ్లను తిట్టకండి. రాత్రి ట్రాలీలో పడుకోరు, కాబట్టి గడ్డి మిగులుతుంది.

తిరిగి వచ్చాక నేలంతా బూడిద, ఎముకలు, నూనె జిడ్డు. కడగండి, చిల్లు పనికొస్తుంది. తడి ఆరకముందే వడ్లు నింపారంటే తేమ పదిహేడు దాటిందని మిల్లు దగ్గర తరుగు తీస్తారు, ఆ పాపం పెద్దగట్టు మటన్‌దని వాళ్లకు చెప్పినా లాభం లేదు.

ఆపై పెళ్లిళ్ల కాలం వస్తుంది. సామాను మొయ్యడానికి ట్రాలీ అడిగినవాళ్లకు 'వెల్డింగుకు ఇచ్చినం' అని చెప్పండి, ఎక్కువసార్లు నిజమే చెప్పినట్టవుతుంది. వెల్డింగు షాపతని బావమరిదే వచ్చి అడిగితే మాత్రం ఏమీ అనకండి, డీజిల్ కూడా మీరే పోసి పంపండి.