గ్రీజు సంజీవని: ఉల్టా డోరు ఫియటుకు టీకా తాత్పర్యం

మూలం: “ఫియట్ సూపర్ సెలెక్ట్, 1962, ఉల్టా డోర్లు, బాడీ తుప్పు లేదు, రికార్డులన్నీ ఫోర్సు, ఆఫీసుకు అప్ అండ్ డౌన్ చేసుకోవచ్చు, రేటు కూర్చుని మాట్లాడుకుందాం.”

అవతారిక. మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలు మూడింటికీ టీక రాసి, దానికి సంజీవని అని పేరు పెట్టాడు. మూర్ఛపోయిన వాక్కును లేపి కూర్చోబెట్టేది గనక ఆ పేరు. పాతకార్ల ప్రకటనలు మూర్ఛపోయి ఎన్నాళ్ళయిందో చెప్పలేం. వాటిని లేపడానికి మూలిక చాలదు, గ్రీజు కావాలి. అందుకే ఈ టీకకు ఆ పేరు. మూలం ఏ ఒక్క పత్రికలోనిదీ కాదు. గోడల మీదా ఫోన్లలోనూ తిరిగే ఇలాంటి ప్రకటనల నుంచి ఏరి కూర్చినది. చదువరి అనంతపురంలో ఉంటూ ధర్మవరంలో ఉద్యోగం చేసే మనిషని అనుకోవాలి. రోజూ అటు నలభై, ఇటు నలభై కిలోమీటర్లు.

ప్రతిపదార్థం. ఫియట్ = ఇటలీలో పుట్టి బొంబాయిలో పెరిగిన బండి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ దీన్ని కుర్లాలో తయారుచేసేది. ఇటలీలో 1953లో వచ్చిన ఫియట్ 1100 దీనికి మాతృక. ఇంజను 1089 సీసీ. గేరు కర్ర నేల మీద ఉండదు, స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బెంచీలాగా అటునుంచి ఇటు దాకా ఒకటే. సూపర్ సెలెక్ట్ = 1961 ప్రాంతంలో వచ్చిన రూపభేదం. మరాఠీవాళ్ళు దీని గుండ్రటి మూతి చూసి డుక్కర్ అన్నారు, అంటే పంది. తెలుగు టీకాకారుడు దీన్ని తిట్టుగా తీసుకోడు. విజయనగర రాజముద్రలో ఉన్నది వరాహం, వాళ్ళ బంగారు నాణెం పేరు వరహా. 1565 యుద్ధం తర్వాత ఆ రాజ్యం వచ్చి తలదాచుకున్నది పెనుకొండలో. ఆ సీమలో ఒక వరాహం రోడ్డెక్కితే గౌరవంగానే చూడాలి. వరహాల మాట మాత్రం రేటు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఉల్టా డోర్లు = వెనకవైపు మడతబందులున్న తలుపులు. ఉల్టా హిందుస్తానీ మాట, డోరు ఇంగ్లీషుది. వ్యాకరణం లెక్కలో రెండూ అన్యదేశ్యాలే. రెండు పరాయి మాటలు కలిసి అనంతపురం మెకానిక్కు నోట్లో అచ్చ తెలుగు సమాసమైపోయాయి. ఇక బహువచనం సంగతి. కారుకు తలుపులు నాలుగు. వాటిలో ముందువి రెండే ఉల్టా. వెనకవి రెండూ లోకంలో అన్ని కార్లకూ ఉన్నట్టే ఉంటాయి. అంటే ముందు తలుపూ వెనక తలుపూ మధ్యనున్న ఒకే స్తంభానికి, ఉమ్మడి గోడకు రెండిళ్ళ దూలాల్లాగా, వేలాడతాయి. సంస్కృతమైతే ఇక్కడ ద్వివచనం వేసి తప్పుకునేది. తెలుగుకు ఆ వసతి లేక ప్రకటనకర్త “లు” అన్నాడు, చదువరి నాలుగనుకున్నాడు.

తలుపు ఇలా ఎందుకు పెట్టారు? ఎక్కడానికీ దిగడానికీ సుఖం కోసం. మామూలు తలుపులో కాలు ముందు దూర్చి, నడుం వంచి, తల కాపాడుకోవాలి. ఉల్టా తలుపు ముందుకు నోరు తెరుస్తుంది. మనిషి అరుగు మీద కూర్చున్నట్టు వెనక్కి జారగిలబడి, తర్వాత కాళ్ళు లోపలికి లాక్కుంటాడు. పంచెకట్టుకూ చీరకూ ఇంత మర్యాద చేసిన తలుపు మరొకటి లేదు. ధర్మవరం పట్టు కట్టుకున్నవాళ్ళు కొంగు తలుపులో పడకుండా దిగగలిగిన కారు ఇది.

అయితే ఇంగ్లీషులో దీనికి సూసైడ్ డోరని పేరు పడింది. 2003లో రోల్స్ రాయిస్ ఫాంటమ్ వెనక సీటుకు ఇదే అమరిక పెట్టి కోచ్ డోర్ అని పిలిచింది. ఒకే వస్తువుకు ఒకచోట చావు పేరు, ఒకచోట రథం పేరు. అర్థభేదం ధరభేదాన్ని బట్టి వస్తుందని ఏ అలంకార శాస్త్రంలోనూ రాయలేదుగానీ, కార్లమ్మేవాళ్ళకు తెలుసు.

విశేషం. చావు పేరు ఊరికే రాలేదు. బండి పరుగులో ఉండగా మామూలు తలుపు లాకు ఊడితే ఎదురుగాలి దాన్ని మూసే వైపే నెడుతుంది. ఉల్టా తలుపు ముందంచు సందులో గాలి దూరితే, తలుపును పూర్తిగా బార్లా తెరిచేదాకా వదలదు. ఆ రోజుల్లో సీటుబెల్టు లేదు. దిగేటప్పుడూ గండమే. రోడ్డువార దిగుతుండగా వెనకనుంచి వచ్చిన లారీ తలుపును తాకితే, మామూలు తలుపు ముందుకు విరిగిపోతుంది, ఉల్టా తలుపు దిగే మనిషి కాళ్ళ మీదికే మూసుకుంటుంది. అందుకే యూరపులో ఫియట్ 600, సిట్రోయెన్ 2సీవీ వంటి చిన్న కార్లు 1964 ప్రాంతంలో ముందు తలుపుల్ని తిప్పేసుకున్నాయి. మన దేశంలోనూ అదే ఏడు వచ్చిన ఫియట్ డిలైట్‌కు తలుపులు సరైన దారికొచ్చాయి. ఆ డిలైటే 1972లో ప్రీమియర్ ప్రెసిడెంటై, 1974లో పద్మినియై, బొంబాయి టాక్సీగా తిరిగి తిరిగి 2023 అక్టోబరులో అక్కడి రోడ్ల నుంచి సెలవు తీసుకుంది.

ఇందులోనే కొనేవాడికి పనికొచ్చే పాఠపరిష్కరణ సూత్రం ఉంది. ఆర్‌సీలో తయారీ సంవత్సరం 1968 అని ఉండి, బండికి తలుపులు ఉల్టా ఉంటే, రెండింటిలో ఒకటి ప్రక్షిప్తం. కాగితం ఒక బండిది, బాడీ ఇంకో బండిది అయి ఉండవచ్చు. చాసిస్ నంబరు చేత్తో తడిమి, పెన్సిలుతో కాగితం మీద అచ్చు తీసి సరిచూసుకోవాలి. తాళపత్రాల కాలం నిర్ణయించడానికి లిపి చూస్తారు, ఇక్కడ మడతబందు చూడాలి.

బాడీ తుప్పు లేదు. ఈ ఒక్క మాటను టీకాకారుడు నమ్మడానికి సిద్ధం, బండి మొదట్నుంచీ ఈ జిల్లాలోదైతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే పీఠభూమి ఇది. వేరుసెనగను ఎండగట్టిన కరువే ఇనుమును కాపాడింది. కాకినాడ ఉప్పుగాలిలో పెరిగిన బండికి తలుపు అడుగున వేలు దిగిపోతుంది. ఇక్కడ కరువు తినేది రబ్బరును, రంగును. తలుపు చుట్టూ బీడింగు ఎండకు పగిలి రాలిపోతుంది, ఆ సందున ఎర్రదుమ్ము చేరి మడతబందు పిన్నును ఆకురాయిలా అరగదీస్తుంది. రేడియేటరులో ఏళ్ళ తరబడి బోరు ఉప్పునీళ్ళు పోసి ఉంటే లోపల సున్నం గోడే లేచి ఉంటుంది. పెట్రోలు ఆవిరి పట్టి మే నెల మధ్యాహ్నం ఇంజను ఆగిపోతే ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసేవాళ్ళు. తాగునీటికి ట్యాంకరు కోసం కాచుకునే ఊళ్ళో కారుకు తడిగుడ్డ అంటే బిందె పట్టుకు నిలబడ్డవాళ్ళు ఏమనుకుంటారో వేరే టీక అక్కర్లేదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఆ కాలం రబ్బరు పైపులు దానికి పుట్టినవి కావు.

రికార్డులన్నీ ఫోర్సు, అంటే చెల్లుబాటులో ఉన్నాయని. ఇక్కడ “అన్నీ” అన్న పదం దగ్గర ఆగాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు నడుస్తుంది, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేసేళ్ళు పొడిగించుకోవాలి. 1962 బండికి ఆ లెక్కన ఎన్ని పొడిగింపులు కావాలో చదువరే వేళ్ళు మడవవచ్చు, మధ్యలో ఒకటి జారిందా, ఫోర్సు పోయినట్టే. బండి బెంగళూరుదైతే కర్ణాటక నుంచి ఎన్‌వోసీ, ఇక్కడ మళ్ళీ లైఫ్ టాక్సు. 2021 జూలై నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజిగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20 వేలు, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తీయవచ్చు గానీ రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. గౌరవం వస్తుంది, అప్ అండ్ డౌన్ పోతుంది.

పూర్వపక్షం. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 2019 నుంచి కియా కార్లు బారులు తీరి బయటికొస్తున్నాయి, జిల్లా రెండుగా చీలాక అది శ్రీ సత్యసాయి జిల్లాలో పడినా మనదే. కొత్తదానికి డబ్బు చాలకపోతే అయిదేళ్ళు వాడినది దొరుకుతుంది. ఈ వరాహంతో పనేమిటి? పోనీ ఉల్టా తలుపే ముద్దయితే, అమెరికాలో వాడిన బీఎండబ్ల్యూ ఐ3 కొని ఆఫీసుకు తిరుగుతున్నవాళ్ళు లేరా?

సమాధానం. ఐ3లో ఉల్టా ఉన్నది వెనక తలుపు. ముందు తలుపు తెరిస్తేగానీ అది తెరుచుకోదు, పెద్ద కోడలు వడ్డిస్తేగానీ చిన్న కోడలు భోజనానికి లేవనట్టు. మాజ్దా ఆర్ఎక్స్-8లోనూ అదే కట్టు. పైగా విడిగా తెరుచుకునే ఉల్టా తలుపైతే బండి కదిలాక దాని లోపలి పిడి పనిచేయకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నియమం ఉంది, గంటకు 4 కిలోమీటర్లు దాటితే చాలు. మన వరాహానికి ఇవేవీ తెలియవు. కనక పూర్వపక్షం గెలిచింది. రోజూ ధర్మవరం పోయి రావడానికి ఈ బండి తగదు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులతో, బెల్టు లేకుండా, బస్సులూ లారీల మధ్య రోజుకు ఎనభై కిలోమీటర్లు తోలమని ఏ వ్యాఖ్యాతా చెప్పడు. ఆదివారం కుటుంబాన్ని లేపాక్షి తీసుకుపోవడానికైతే వేరే మాట, అదీ నెమ్మదిగా.

ఇక గాలి సంగతి. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ఆషాఢంలో మబ్బును చూసింది రామగిరి మీద. ఈ సీమలోనూ ఒక రామగిరి ఉంది. ఆషాఢంలో అక్కడికి మబ్బులు వస్తాయిగానీ ఆగవు, గాలి మాత్రం ఆగకుండా వస్తుంది. అందుకే ఆ కొండల మీద గాలిమరలు నాటారు. పడమటి నుంచి కొట్టే ఆ గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలిపిన బండికి ఉల్టా తలుపు తెరిస్తే చేతిలోంచి ఊడిపోతుంది. తూర్పు ముఖంగా నిలిపితే గాలే మూసిపెడుతుంది. అమ్మేవాడు బండిని ఏ దిక్కుకు నిలిపాడో ముందు చూడాలి.

తాత్పర్యం. రేటు కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు కాబట్టి కూర్చోవలసింది ఆ బెంచీ సీటులోనే. కూర్చునే ముందు తలుపు సగం తెరిచి, లాకున్న కొసను రెండు చేతులా పట్టి పైకెత్తాలి. అణువంత కదిలినా పిన్ను అరిగింది, తలుపు వాలింది, లాకు పూర్తిగా పట్టడం లేదు. అప్పుడు వరహాలు తగ్గించమని అడగవచ్చు. అమ్మేవాడు వినీవిననట్టు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపంచు తానే గట్టిగా పట్టుకుంటాడు.

“నిదానంగా దిగన్నా, గాలి కొడతాంది.”