మెడికో పిల్లలకు చెప్పకూడని మాటలు

పెనుగొండలో ఓ ఇంటి పిల్లకి ఎంబీబీఎస్ సీటొస్తే వీధంతా స్వీట్లు పంచుతారు. అదే పిల్ల రెండో ఏడాది సెలవులకొచ్చి, అన్నం మానేసి, గది తలుపేసుకుని పడుకుంటే అందరూ సలహాలిచ్చేవాళ్లే. ప్రేమతోనే ఇస్తారు. వాటిలో చాలా సలహాలు ఆ పిల్ల నోరు మూయిస్తాయి.

‘డాక్టరు చదివేదానివి, నీకు దిగులేంటే?’ అనకండి. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక చూడండి. సర్వేకి జవాబిచ్చిన 25 వేలకు పైగా ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందన్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందన్నవాళ్లు ఎంబీబీఎస్‌లో 16.2 శాతం, పీజీలో 31.2 శాతం. రోగాల గురించి చదివినంత మాత్రాన రోగం రాకుండా పోదు.

‘పొలం అమ్మి చదివిస్తున్నాం, గుర్తుపెట్టుకో.’ అన్నిటికన్నా ఎక్కువ వినపడేది, నాకు ఎక్కువ భయం వేసేది ఈ మాటే. ఆ పిల్ల మర్చిపోతే కదా గుర్తుచేయడానికి! అనాటమీ పోయిన రోజు తనకి మొదట గుర్తొచ్చేది పుస్తకం కాదు, అమ్మేసిన ఎకరం. అందుకే సప్లిమెంటరీ రాస్తున్న సంగతి ఇంట్లో దాస్తుంది. అది దాచడం అలవాటైతే ఏడుపూ దాస్తుంది, నిద్రపట్టకపోవడమూ దాస్తుంది. సీటు కోసం అప్పు చేసింది పెద్దవాళ్లు. దాని వడ్డీ లెక్క పిల్ల ముందు వేయకండి.

‘సీనియర్లంటే అంతే, అణిగిమణిగి ఉండు’ అనీ చెప్పకండి. 2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీ పీజీ విద్యార్థిని చనిపోయిన ఘటనలో, సీనియర్ వేధించాడన్న ఆరోపణపై పోలీసులు కేసు పెట్టి అతన్ని అరెస్టు చేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997 నుంచీ ఉంది. పీజీలకి వారానికి 74 గంటలు మించి డ్యూటీ వద్దని, వారానికో సెలవు ఇవ్వాలని ఆ టాస్క్‌ఫోర్సే చెప్పింది. ఓర్చుకోమనే ముందు డ్యూటీ ఎన్ని గంటలో అడగండి.

‘ఎవరికీ చెప్పకు, రేపు సంబంధాలు రావు.’ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ఇచ్చిన హక్కు. పెళ్లిచూపుల కోసం వైద్యం వాయిదా వేయడం ఘోరం.

‘అమ్మవారి గుడికి తీసుకెళ్తే సర్దుకుంటుంది.’ తీసుకెళ్లండి. వాసవీ అమ్మవారికి నేనూ మొక్కుతాను. అక్కణ్ణించి సైకియాట్రిస్టు దగ్గరికి కూడా తీసుకెళ్లండి.

‘చావు ఆలోచన గురించి అడిగితే లేనిపోని ఆలోచన పుడుతుంది’ అని భయపడకండి. అలా పుట్టదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?’ అని నేరుగా, మెల్లగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి, తిట్టకండి, ఆ రోజే డాక్టరుకి చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

విశాఖలో నీట్‌కి చదువుతున్న ఓ అమ్మాయి మరణించిన కేసులో, 2025 జులైలో సుప్రీంకోర్టు వంద లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సెలర్ ఉండాలంది. మీ పిల్లల కాలేజీలో ఉన్నారో లేరో ప్రిన్సిపాల్‌ని అడగండి. లేకపోతే పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్లి అడగండి.

ఈ రాత్రి హాస్టల్‌కి ఫోన్ చేయండి. మార్కుల సంగతి ఎత్తకండి. నిద్ర పడుతోందా అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి.