బ్రేకు పైపుకు సందు చాలు

ఇంట్లో సొంతంగా కారు కట్టుకునేవాళ్లు ముందుగా చేయాల్సిన పని రంగు వేయించడం. తర్వాత సీట్లు, ఆ తర్వాత పాటల డబ్బా. ఇంజను, సైలెన్సర్, టర్నింగ్ రాడ్లు తమకు నచ్చిన చోట కూర్చున్నాక ఎక్కడైనా నాలుగు వేళ్ల సందు మిగిలితే అది బ్రేకు పైపుది. మిగలకపోతే రెండు వేళ్ల సందుతో సర్దుకోవాలి. గంభీరావుపేటలో, ఒకప్పుడు సాంచాలు ఆడిన రేకుల షెడ్డులో, పాత మారుతి 800 సామానుతో ఇనుప గొట్టాల బగ్గీ కట్టినవాడిగా ఈ మాట చెబుతున్నాను.

బుద్ధి పుట్టింది హైదరాబాదులో. బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారి కార్ల మ్యూజియం ఉంది కదా, అక్కడ వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు చూశాను. ఆయన 2005లో కట్టిన మూడు చక్రాల సైకిలు 41 అడుగుల ఎత్తు దాటి గిన్నిస్‌కెక్కింది. తిరుగు ప్రయాణంలో బస్సు సిద్దిపేట చేరేలోపే టికెట్ వెనక బగ్గీ బొమ్మ గీసేశాను. టికెట్ చిన్నది, బ్రేకులకు చోటు చాలలేదు. అసలు బండిలోనూ అదే జరిగింది.

చక్రం దగ్గరి రబ్బరు పైపు కొనడానికి కొలత కావాలంటారు. బండి నేల మీద నిలబడి, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు దారం పట్టి కొలవండి. స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడటం, జాకీ ఎత్తి చక్రాన్ని వేలాడదీసి చూడటం, మీద నలుగురిని కూర్చోబెట్టి అణిచి చూడటం తీరికున్నవాళ్ల పనులు. కొన్ని పైపుల మీద పొడవునా ఒక గీత ఉంటుంది. కంపెనీవాళ్లు అందానికి వేసి ఉంటారు. బిగించేటప్పుడు పైపు మెలి పడితే ఆ గీత జిలేబీలా చుట్టుకుంటుంది, ఇంకా అందం.

ఇక నట్టు చూడీల, అంటే మరల సంగతి. నాకు దొరికిన ఇనుప పైపు పాత జీపుది, ఇంచుల లెక్క, 3/8. మారుతి సామాను మిల్లీమీటర్ల లెక్క, 10. తేడా అర మిల్లీమీటరు లోపే. ఇంత చిన్న తేడాకు దుకాణం దాకా ఎవరు పోతారు? నట్టు వదులుగా తిరుగుతోందని టెఫ్లాన్ టేపు చుట్టాను. మేస్త్రి వద్దన్నాడు. ఆయిల్‌ను ఆపేది చూడీలు కాదట, పైపు కొసన గంటలా విచ్చుకున్న అంచు గుంటలో నొక్కుకుంటేనే ఆగుతుందట. నల్లాలు బిగించే మా బావ మాత్రం టేపు చాలన్నాడు. బావ మాటే విన్నాను, చుట్టరికం చెడగొట్టుకోలేం కదా. టైరులో గాలి 30 పాయింట్లుంటే బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు పైపులో అదే లెక్కన వెయ్యి దాటుతుంది. నల్లాకు అంత ఒత్తిడి వస్తే ఊరంతా మిషన్ భగీరథలో మునుగుతుందని బావకు అప్పుడు తట్టలేదు.

సందులో బిగించే పనిని మాత్రం తొందరపడకుండా చెప్పాలి. వెల్లకిలా పడుకోండి. టార్చిలైటు నోట్లో పెట్టుకోండి. ఎడమ చెయ్యి సైలెన్సర్ వెనక నుంచి వస్తుంది, కుడి చెయ్యి రానే రాదు. నట్టు కనిపించదు, వేలికి తగులుతుంది. పానా పెట్టి తిప్పితే వీసమెత్తు కదిలి రాడుకు కొట్టుకుంటుంది. తీసి, తిరగేసి, మళ్లీ పెట్టి, మళ్లీ వీసమెత్తు. ఆరు పలకల నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే బ్రేకు పానా వేరే ఉంది. మామూలు పానాతోనైతే నాలుగోసారికే పలకలు అరిగి నట్టు గోళీకాయ అవుతుంది. ఇంకెవడూ విప్పలేడు, దొంగల భయం ఉండదు. క్యాలిపర్ దగ్గర బోల్టుకు అటొకటి ఇటొకటి రెండు రాగి వాషర్లు వేయాలి. జాగ ఇరుకు కాబట్టి నేను ఒకటి తీసేశాను.

సైలెన్సర్‌కు ఆనించి పైపు కట్టడానికి బైండింగ్ వైరు శ్రేష్ఠం. వేడికి ఏమవుతుందని భయమా? డాట్ 3 బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక 140కే మరుగుతుంది, ఆవిరి పుట్టి పెడలు మెత్తబడుతుంది. అందుకే పోయిన దసరాకు మూత తీసి అటక మీద పెట్టిన డబ్బా వాడితే బండి త్వరగా మెత్తబడుతుంది. అదీ లేకపోతే షెడ్డు మూలన సాంచాల ఆయిల్ ఉండనే ఉంది. దానికి లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి. ఉబ్బితే సందు పూడుతుందని సంతోషించాలి.

ఎయిర్ తీయడం అని ఒక తంతు. ఒకరు తొక్కి పట్టాలి, ఒకరు నిప్పిల్ వదులు చేసి సీసాలో బుడగలు లెక్కపెట్టాలి, కాలు తీసేలోపే బిగించాలి. నాచుపల్లి జేఎన్టీయూలో చదివే మా మేనల్లుడు బుడగలు ఆగేదాకా చేద్దాం మామా అని బతిమాలాడు. ఇంజనీరింగ్ పిల్లలు సొంతంగా బగ్గీలు కట్టి నడిపే బాహా పోటీల్లో నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేయకపోతే బండిని ట్రాకు మీదికే రానివ్వరని చెప్పాడు. పోటీ లేనిచోట పరీక్షెందుకని కసిరాను.

ఇలాంటి బండి రోడ్డెక్కాలంటే చట్టం ఒప్పుకోదు, అదొక్కటే పాటించాను. నర్మాల దారి వదిలి నేరుగా పెద్దబాపు కల్లంలోకి పోనిచ్చాను. మొదటి మలుపులో స్టీరింగు పూర్తిగా కోశాను. పైపు లాగి పట్టింది, టైరుకు ఒరిసింది, టప్పుమంది. పెడలు నేలకు తగిలింది. హ్యాండ్ బ్రేకు పిడి పాటల డబ్బా కింద ఉంది. బగ్గీ నెమ్మదిగా, మర్యాదగా వడ్ల కుప్ప ఎక్కి ఆగింది.

"ఏందిరా, దీనికి బిరేకు లేదా?" అన్నది అవ్వ, చేతిలో చీపురుతో.

"ఉన్నదవ్వా, పైపే లేదు."

బ్రేకు ఆయిల్ చిమ్మిన చోట ఎర్ర రంగు సాయంత్రానికల్లా బొబ్బలెక్కి ఊడింది, మొట్టమొదట వేయించిన రంగు. ఆయిల్ తడిసిన మూడు చాటల వడ్లను అవ్వ వేరే గోనెలో పోసి, దాని మీద బొగ్గుతో నా పేరు రాయించింది.